కేబుల్ తీసేస్తే మ్యాచ్‌లు ఎక్కడ చూడాలి?

ఐపీఎల్ దగ్గరపడిందంటే చాలు, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో టీ తాగుతున్నా, విజయనగరం గంటస్తంభం దగ్గర తెలిసినవాళ్లు కలిసినా ఇదే మాట వస్తోంది. "ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది, ఇంక కేబుల్‌కి నెల నెలా ఎందుకు కట్టడం, ఏ యాప్ తీసుకుంటే మ్యాచ్‌లన్నీ వస్తాయి బావా?" సూటిగా చెప్పాలంటే, మ్యాచ్‌లన్నీ వచ్చే యాప్ మన దేశంలో ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదో తెలిస్తే మీ ఇంటికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోగలరు. అది తెలియకుండా ఏడాది ప్లాన్ కట్టేసి, తీరా ఇండియా ఆడే రోజున ఆ యాప్‌లో మ్యాచ్ కనబడక తల పట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

కేబుల్ ఉన్నన్నాళ్లూ మనకి ఈ గొడవ తెలియలేదు. స్టార్ స్పోర్ట్స్, సోనీ రెండూ ప్యాకేజీలో ఉండేవి, మ్యాచ్ ఎందులో వస్తే అందులోకి రిమోట్ తిప్పేవాళ్లం, అంతే. యాప్‌ల దగ్గరికి వచ్చేసరికి ఏ కంపెనీ యాప్‌లో ఆ కంపెనీ కొన్న ఆటలే వస్తాయి. కాబట్టి ముందు చూడాల్సింది ఆ మ్యాచ్‌ని అమ్మేది ఎవరని. ఇండియా మన దేశంలో ఆడితే హక్కులు బీసీసీఐవి. అదే జట్టు ఇంగ్లండ్ వెళ్తే అవి ఇంగ్లండ్ బోర్డువి, న్యూజిలాండ్ వెళ్తే న్యూజిలాండ్ బోర్డువి. వరల్డ్ కప్ ఐసీసీ అమ్ముకుంటుంది, ఆసియా కప్‌ని ఆసియా క్రికెట్ కౌన్సిల్ అమ్ముకుంటుంది. ఆడేది మన బుమ్రానే, కానీ సిరీస్ మారితే యజమాని మారిపోతాడు. పైగా టీవీ హక్కులు ఒకరికి, డిజిటల్ హక్కులు ఇంకొకరికి పోవచ్చు.

2025లో జరిగిందే చూడండి. ఆ వేసవిలో ఇంగ్లండ్‌లో ఆడిన ఐదు టెస్టులు టీవీలో సోనీ స్పోర్ట్స్‌లో వచ్చాయి, ఫోన్‌లో మాత్రం జియోహాట్‌స్టార్‌లో వచ్చాయి. ఓవల్‌లో సిరాజ్ ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించిన ఆ టెస్టుని సోనీలివ్ యాప్ ఉన్నవాళ్లు అందులో చూడలేకపోయారు. నెల దాటగానే ఆసియా కప్ వచ్చింది, అది టీవీలోనూ సోనీయే, యాప్ కూడా సోనీలివ్. అంటే సెప్టెంబర్ 28న దుబాయ్‌లో పాకిస్తాన్ మీద మన తిలక్ వర్మ 69 నాటౌట్‌తో కప్పు తెచ్చిన ఫైనల్, జియోహాట్‌స్టార్‌కి డబ్బు కట్టినవాళ్లకి అందులో దొరకలేదు. రెండు నెలల్లోపు రెండు యాప్‌లు! ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 2022 నవంబర్‌లో మనవాళ్లు న్యూజిలాండ్‌లో ఆడినప్పుడు అది అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది, ఇప్పుడు ఆ బోర్డు హక్కులు 2031 వరకు సోనీ దగ్గర ఉన్నాయి. ఒకప్పుడు ఏ యాప్‌లో చూశామో గుర్తుపెట్టుకుని ఇప్పుడు అదే కొంటే లాభం లేదన్నమాట.

ఐపీఎల్ కథ కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే యాప్‌లు ఫ్రీ నుంచి డబ్బులకి ఎలా వచ్చాయో అందులోనే కనిపిస్తుంది. 2022 జూన్‌లో ఐదు సీజన్ల హక్కులకి వేలం జరిగింది. టీవీ హక్కుల్ని స్టార్ 23,575 కోట్లకి కొంది, డిజిటల్ హక్కుల్ని వయాకామ్18 సుమారు 23,758 కోట్లకి కొంది. ఐపీఎల్‌లో డిజిటల్ ధర టీవీ ధరని దాటడం అదే మొదటిసారి. అంత పోసి కొన్నవాళ్లు 2023, 2024 సీజన్లని జియోసినిమాలో ఉచితంగా చూపించారు. దానికి పోటీగా స్టార్ వాళ్ల హాట్‌స్టార్ 2023 వరల్డ్ కప్‌ని ఫోన్‌లో ఫ్రీగా ఇచ్చింది, ఆ ఫైనల్‌ని ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. మనం ఫోన్‌లో మ్యాచ్ చూడటానికి అలవాటుపడింది ఆ రెండేళ్లలోనే. 2024 నవంబర్‌లో స్టార్, వయాకామ్18 రెండూ కలిసిపోయి జియోస్టార్ అయ్యాయి, 2025 ఫిబ్రవరి 14న వాటి యాప్ జియోహాట్‌స్టార్ వచ్చింది, ఆ సీజన్ నుంచే ఐపీఎల్‌కి డబ్బులు కట్టాల్సి వచ్చింది. పోటీ ఉన్నన్నాళ్లే ఫ్రీ, పోటీ పోయాక ఫ్రీ కూడా పోయింది, నేను దీన్ని అలాగే చూస్తాను. ఇప్పుడు ఎవరైనా కొత్త యాప్ ఏదైనా ఆట ఫ్రీగా ఇస్తున్నా, అది శాశ్వతం అనుకుని కేబుల్ తీయించుకోవద్దు.

సరే, ఇప్పుడు ఏది ఎక్కడుంది? ఐపీఎల్, మహిళల ఐపీఎల్, ఐసీసీ టోర్నీలు ఈ మూడింటి హక్కులూ 2027 వరకు, ఇండియా స్వదేశంలో ఆడే సిరీస్‌లు 2028 మార్చి వరకు జియోస్టార్ చేతిలో ఉన్నాయి. అంటే టీవీలో స్టార్ స్పోర్ట్స్, యాప్ అయితే జియోహాట్‌స్టార్. ప్రో కబడ్డీ కూడా అక్కడే. 2025లో ఆ సీజన్ మన విశాఖలోనే మొదలైంది, మా ఊళ్ల నుంచి తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లకి బస్సెక్కి వెళ్లినవాళ్లున్నారు. అలా వెళ్లలేనివాళ్లకి ఈ యాప్ ఒక్కటే చాలు. సోనీలివ్‌లో ఆసియా కప్, న్యూజిలాండ్ సిరీస్‌లు, యూరప్ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్స్ లీగ్, టెన్నిస్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ వస్తాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మాత్రం జియోహాట్‌స్టార్‌లో. కార్ల రేసులు, అదే ఫార్ములా వన్, ఫ్యాన్‌కోడ్ అనే యాప్‌లో చూస్తున్నారు. క్రికెట్, కబడ్డీ చూసే సగటు ఇంటికి ఏడాదిలో ఎక్కువ భాగం ఒక యాప్‌తో గడిచిపోతుంది, రెండో యాప్ ఒకటో రెండో నెలలకి సరిపోతుంది.

వెయిట్‌లిఫ్టింగ్ సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కరణం మల్లీశ్వరి పుట్టింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో, విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇప్పటికీ పిల్లలు బరువులెత్తుతున్నారు. ఈ ఆటని ప్రేమించేవాళ్లకి ఏడాది ప్లాన్ అనవసరం. 2022 కామన్వెల్త్ క్రీడలు, 2023 ఆసియా క్రీడలు సోనీలో వచ్చాయి, 2024 ఒలింపిక్స్ జియోసినిమాలో వచ్చాయి. పోటీలు మొదలయ్యే వారం ముందు హక్కులు ఎవరివో చూసుకుని ఆ నెలకి మాత్రం కట్టుకోండి.

ఇక దూరదర్శన్. దీన్ని మనవాళ్లు పూర్తిగా మర్చిపోయారు, నాకైతే అది బాధగా ఉంటుంది, ఎందుకంటే మ్యాచ్ సామాన్యుడికి అందాలని ఏకంగా ఒక చట్టమే ఉంది. 2007లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, దేశానికి ముఖ్యమైనవని ప్రభుత్వం నోటిఫై చేసిన ఆటల ప్రత్యక్ష ప్రసారాన్ని ప్రైవేటు చానళ్లు దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ఇండియా పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు, వరల్డ్ కప్ సెమీఫైనళ్లు, ఫైనల్ ఈ జాబితాలోకి వస్తాయి. ఐపీఎల్ రాదు. మరి కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ పెడితే మ్యాచ్ ఎందుకు రాదని చాలామందికి అనుమానం. దానికి కారణం 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అలా పంచుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత టవర్ల మీద, తన ఫ్రీ డిష్ మీద మాత్రమే చూపించాలి, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌ల ద్వారా పంపకూడదు అని ఆ తీర్పు చెప్పింది. లేకపోతే కేబుల్ ఉన్న ఇళ్లన్నీ ఫ్రీగా చూసేస్తాయి, హక్కుల కోసం వేల కోట్లు పెట్టినవాళ్లకి నష్టమే కదా.

దీన్నిబట్టి మనకి అర్థమయ్యేదేమిటంటే, డాబా మీద ఒక ఫ్రీ డిష్ పెట్టుకుంటే నెలవారీ రుసుం లేకుండా ఇండియా వన్డేలు, టీ20లు చూడొచ్చు. గొడుగు, బాక్సు, బిగించే కూలి, ఒక్కసారి అయ్యే ఖర్చు అంతే. పల్లెల్లో, ముఖ్యంగా నెట్ సరిగా అందని సీతంపేట ఏజెన్సీ వైపు, నా దృష్టిలో మొదటి మార్గం ఇదే. బాక్సు కొనేటప్పుడు మాత్రం డీడీ స్పోర్ట్స్ వస్తోందో లేదో షాపులోనే పెట్టించి చూడండి, పాత బాక్సుల్లో కొన్ని చానళ్లు రావు. స్టార్‌లో వచ్చే మ్యాచ్‌లకి తెలుగు కామెంటరీ కావాలంటే స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానలో, జియోహాట్‌స్టారో ఉండాలి.

యాప్‌లో చూసేవాళ్లకి అన్నిటికన్నా చిరాకు పుట్టించేది ఆలస్యం. 2024 జూన్ 29 రాత్రి గుర్తుందా, బార్బడోస్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్, దక్షిణాఫ్రికాకి ఆఖరి ఓవర్లో 16 కావాలి, హార్దిక్ మొదటి బంతి వేశాడు, మిల్లర్ గాల్లోకి లేపాడు, సూర్యకుమార్ బౌండరీ తాడు దగ్గర పట్టుకున్నాడు. ఇప్పుడు ఆ క్షణాన్ని వీధిలో ఊహించుకోండి. కేబుల్ ఉన్న ఇంట్లోంచి "అవుట్!" అని కేక వినబడేసరికి, యాప్ పెట్టుకున్న పక్కింట్లో హార్దిక్ ఇంకా బంతి తుడుచుకుంటూ నిలబడి ఉంటాడు. ఆ ఓవర్ అంతా టెన్షన్‌తో గోళ్లు కొరుక్కుంటూ చూడాల్సింది పోయి, కేక కోసం చెవులు రిక్కించి కూర్చోవాల్సి వస్తుంది.

ఇది మీ నెట్ తప్పు కాదు. యాప్ వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ రకరకాల క్వాలిటీల్లో తయారుచేసి, సర్వర్లకి పంపి, అక్కడి నుంచి మన ఇంటికి పంపుతుంది. మన ఫోన్ లేదా టీవీ మధ్యలో ఆగిపోకూడదని ముందే కొన్ని ముక్కలు దాచుకుని అప్పుడు మొదలుపెడుతుంది. ఇవన్నీ కలిపితే కేబుల్ కన్నా ఇరవై సెకన్లో, అర నిమిషమో వెనకబడుతుంది. కేబుల్, డిష్ సిగ్నల్ కూడా 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి వస్తుంది కానీ, ఆ రాకపోకలకి పట్టేది పావు సెకను మాత్రమే, అక్కడ ముక్కలు దాచుకునే పని పెద్దగా లేదు. స్పీడు ఎక్కువ ప్లాన్ వేయించుకున్నా ఈ ఆలస్యం పూర్తిగా పోదు. మ్యాచ్ అయ్యేదాకా వాట్సాప్ గ్రూపులు, స్కోర్ నోటిఫికేషన్లు ఆపేసుకోవడం ఒక్కటే మనం చేయగలిగింది. వరల్డ్ కప్ ఫైనల్‌కి రామమందిరం దగ్గర తెర కట్టి వీధంతా కలిసి చూద్దామనుకుంటే మటుకు యాప్ మీద ఆధారపడొద్దు, డిష్ పెట్టించండి. ఆలస్యం అటుంచితే, ఇంటివాళ్లు చూసుకోవడానికి తీసుకున్న యాప్‌ని అలా ఊరంతటికీ వేయడానికి కంపెనీ నిబంధనలు ఒప్పుకోవు.

డబ్బుల లెక్కకి వద్దాం. కేబుల్ నెలకి 300 అనుకుందాం, ఏడాదికి 3,600. ఇంట్లో పిల్లల చదువుకో, ఆఫీసు పనికో ఇప్పటికే నెట్ ఉంటే కేబుల్ తీసేయడం నిజంగా మిగులే. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు టీవీలో చూసే సూపర్ ప్లాన్ ఏడాదికి 899, ఫోన్‌కే పరిమితమైన మొబైల్ ప్లాన్ 499 ఉండేవి. ఈ ధరలు మారుతూనే ఉంటాయి కాబట్టి కట్టే రోజున యాప్‌లోనే చూసుకోండి. కానీ నెట్ లేని ఇల్లు, మ్యాచ్‌ల కోసమే కొత్తగా నెట్ పెట్టించుకుంటే లెక్క తిరగబడుతుంది. నెలకి 499 నెట్ ప్లాన్ అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ పడి 589 అవుతుంది, ఏడాదికి ఏడు వేలు దాటిపోతుంది, దాని మీద యాప్ ఖర్చు. అలాంటి ఇంటికి నేను కేబుల్ ఉంచుకోమనే చెబుతాను. 2019లో టెలికాం, కేబుల్ కంపెనీలని నియంత్రించే ట్రాయ్ కొత్త విధానం వచ్చాక చానళ్లని విడివిడిగా ఎంచుకునే హక్కు మనకుంది, పెద్ద ప్యాకేజీ తీసేసి, మామూలు చానళ్ల మీద స్పోర్ట్స్ చానల్ ఒక్కటి కలిపించుకుంటే బిల్లు తగ్గుతుంది. కేబుల్ అబ్బాయి ఆ మాట తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి.

మొబైల్ ప్లాన్ దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. చవగ్గా ఉంది కదా అని తీసుకుని, ఇంటికొచ్చి టీవీలో పెడదామంటే పెట్టనివ్వదు, అది ఒక్క ఫోన్‌లో చూడటానికే. ఫోన్ రీఛార్జ్‌తో ఫ్రీగా వచ్చే సబ్‌స్క్రిప్షన్ టీవీలో పనిచేస్తుందో లేదో కూడా ముందే అడగండి. సిమ్ డేటా మీదే చూసేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. వీడియో 1 ఎంబీపీఎస్, అంటే సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున వస్తే గంటకి 450 ఎంబీ అవుతుంది, 5 ఎంబీపీఎస్‌తో స్పష్టంగా చూస్తే గంటకి 2.25 జీబీ. టీ20 మ్యాచ్ మూడున్నర గంటలు పైనే పడుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు బాగా స్పష్టంగా పెట్టుకుంటే మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తవ్వదు, తక్కువ క్వాలిటీలో పెట్టుకుంటే ఆఖరి ఓవర్ దాకా వెళ్తుంది. వన్డే అయితే సిమ్ డేటాతో పెట్టుకోకపోవడమే మంచిది.

ఓటీపీ సంగతి చిన్నదే కానీ, ఇంట్లో పెద్దవాళ్లుంటే పెద్ద తలనొప్పి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు తన నంబర్ మీద సబ్‌స్క్రిప్షన్ తీసుకుని, పండక్కి వచ్చినప్పుడు నరసన్నపేటలో నాన్న టీవీలో లాగిన్ చేసి వెళ్తాడు. ఒకరోజు టీవీ అప్‌డేట్ అయి లాగౌట్ అయిపోతుంది. మ్యాచ్ మొదలవబోతుంటే నాన్న ఫోన్ చేస్తాడు, కొడుకు మీటింగ్‌లో ఉంటాడు, ఓటీపీ వచ్చి గడువు దాటిపోతుంది, మళ్లీ పంపించమంటే కాసేపు ఆగమంటుంది, ఈలోగా టాస్ అయిపోయి నాలుగు ఓవర్లు కూడా అయిపోతాయి. పక్కన అమ్మ "కేబులుంటే నంబరు నొక్కితే వచ్చేసేది" అంటుంది, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. సబ్‌స్క్రిప్షన్ ఎప్పుడూ ఆ ఇంట్లో ఉండే ఫోన్ నంబర్ మీదే తీసుకోండి, డబ్బులు ఎవరు కట్టినా సరే. ఎన్ని తెరల మీద ఒకేసారి చూడొచ్చో కూడా ప్లాన్‌ని బట్టి ఉంటుంది.

అన్నట్టు, అమ్మ సీరియళ్ల మాటేమిటి? కేబుల్ తీయాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో క్రికెట్ తేల్చదు. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. జీ తెలుగు అయితే జీ5, జెమినీ అయితే సన్ నెక్స్ట్, ఈటీవీ అయితే ఈటీవీ విన్ చూడాలి. తెలుగు వార్తా చానళ్లు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. వీటన్నిటికీ విడివిడిగా కడితే కేబుల్ బిల్లుని దాటిపోవచ్చు. అమెరికాలో ఉన్న మన పిల్లలు "యూట్యూబ్ టీవీ పెట్టుకోండి, చానళ్లన్నీ వస్తాయి" అంటుంటారు, అది అక్కడి సర్వీసు, 2025 జనవరి నుంచి నెలకి 82.99 డాలర్లు, మన దగ్గర లేదు. ఇక్కడ దానికి దగ్గరగా ఉండేవి కొన్ని ఫైబర్ కంపెనీలు తమ నెట్ కనెక్షన్‌తో కలిపి ఇచ్చే టీవీ సర్వీసులు. ఫైబర్ వేయించుకునేటప్పుడు ఆ చానళ్ల జాబితా తీసుకుని స్టార్ స్పోర్ట్స్ తెలుగు, సోనీ స్పోర్ట్స్ ఉన్నాయేమో చూడండి, ఉంటే యాప్‌ల వెంట తిరిగే పని చాలావరకు తప్పుతుంది.

మన జిల్లాలకి ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది. ఇక్కడ చాలా ఊళ్లలో కేబుల్ ఇచ్చేదీ నెట్ ఇచ్చేదీ ఒకే ఆపరేటర్, ఏపీ ఫైబర్‌నెట్‌లో అయితే టీవీ, నెట్ రెండూ ఒకే తీగ మీద వస్తాయి. ఆ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఆ స్తంభాలే నేలకూలాయి, ఉద్దానంలో కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, లారీ తగిలి తీగ తెగినా చాలు. కాబట్టి కేబుల్ తీసేసి అదే ఆపరేటర్ నెట్ మీద యాప్ పెట్టుకుంటే, రెండో దారి ఉన్నట్టు కాదు. రెండో దారి వేరే చోటు నుంచి రావాలి, డాబా మీద ఫ్రీ డిష్ గానీ, వేరే కంపెనీ సిమ్ గానీ. భారీ వానలో డిష్ సిగ్నల్ కాసేపు పోతుంది, అది వాన తగ్గగానే వచ్చేస్తుంది. కరెంటు పోతే వైఫై రూటర్ ఆగిపోతుంది, దాన్ని ఇన్వర్టర్ లైనుకి కలిపించుకోండి.

టెలిగ్రామ్‌లో వచ్చే లింకులు, ఏడాదికి ఇంత అని చెప్పి అన్ని చానళ్లూ ఇచ్చే దొంగ బాక్సులు వద్దు. మ్యాచ్ మధ్యలో అవి ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు, ఫోన్లో ఏం దూరుతుందో తెలియదు.

నన్ను అడిగితే, నెట్ ఉన్న ఇల్లయితే జియోహాట్‌స్టార్ టీవీ ప్లాన్ ఒకటి, ఆసియా కప్ లాంటివి వచ్చిన నెలలో సోనీలివ్, డాబా మీద ఫ్రీ డిష్. యాప్ తీసుకున్న రోజే ఆటోపే ఆపేయండి, లేకపోతే ఆటలు లేని నెలల్లో కూడా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. 2027తో ఐపీఎల్, ఐసీసీ ఒప్పందాలు రెండూ ముగుస్తాయి, ఆ తర్వాత ఎవరు కొంటారో చూసుకోకుండా రెండేళ్ల, మూడేళ్ల ఆఫర్లు ఏవి వచ్చినా ఒప్పుకోవద్దు. కేబుల్‌ని కూడా ఒక్కసారిగా తీయించకండి, ముందు తాత్కాలికంగా ఆపమని ఆపరేటర్‌ని అడగండి, ట్రాయ్ నిబంధనల్లో ఆ వీలు ఉంది. ఒక సిరీస్ మొత్తం యాప్ మీద చూసి, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి సాయం లేకుండా మ్యాచ్ పెట్టుకోగలుగుతున్నారని అనిపించాక, అప్పుడు బాక్సు తిరిగిచ్చి రసీదు తీసుకోండి.